త్రీ పడకపోతే ఆట మానేయాలా?

ప్రశ్న: అన్నా, మాది కావలి. ఇంటర్ రెండో సంవత్సరం. ఆరడుగులు ఉంటా. కాలేజీ బాస్కెట్‌బాల్ టీములో పివట్ ఆడతా, అంటే రింగు కింద ఉండేవాణ్ణి. రింగు కింద బాల్ అందిందంటే పాయింట్లు ఖాయం, ఎవరూ ఆపలేరు. మూడు పాయింట్లొచ్చే గీత బయట్నుంచి, అదే త్రీ, వేస్తే మాత్రం పదింటికి ఒకటో రెండో పడతాయి. ఈ రోజుల్లో త్రీ రానోణ్ణి ఎవరూ తీసుకోరని మా పీడీ సార్ అన్నప్పట్నుంచి గ్రౌండుకు పోతే త్రీలు తప్ప ఇంకేం వేయట్లా. అవి రాకపోగా ఇప్పుడు దగ్గరవి కూడా తప్పుతున్నా. మా నాన్నేమో ఆట కట్టిపెట్టి ఎంసెట్ చూసుకోమంటున్నాడు. దూరం నుంచి వేయలేనోడు ప్రొఫెషనల్‌గా బతకగలడా? ఉన్నదున్నట్టు చెప్పన్నా.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: తమ్ముడూ, ఉన్నదున్నట్టే చెబుతా. దూరం నుంచి వేయకుండా పెద్ద జట్లలో ఆడినవాళ్లున్నారు, కప్పులు గెలిచినవాళ్లున్నారు, ఇప్పుడు ఆడుతున్నవాళ్లూ ఉన్నారు. బతకగలడా అంటే బతకగలడు. కాకపోతే నీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది త్రీల దగ్గర కాదు, ‘ఆరడుగులు, పివట్’ అన్నచోట. ముందు అది తేలాలి.

మన నెల్లూరు, ప్రకాశం వైపు ఆరడుగుల పిల్లాడు కనబడితే ఏ పీడీ అయినా తీసుకెళ్లి రింగు కింద నిలబెడతాడు. ఆయన తప్పేం లేదు, టీము గెలవాలి గదా. నీ ఎదురుగా ఉన్నవాడు అయిదడుగుల ఎనిమిది అంగుళాలున్నంత కాలం నిన్ను ఎవరూ ఆపలేరు కూడా. జిల్లా దాటి స్టేట్ సెలెక్షన్స్‌కి పో, నీ ఎత్తువాళ్లు బాల్ తెచ్చేచోట కనబడతారు. నేషనల్స్‌లో పంజాబ్, సర్వీసెస్ లాంటి జట్ల పివట్లు ఆరున్నర అడుగులు, ఆ పైన. వాళ్ల మధ్యలో నువ్వు గార్డువి, బాల్ తెచ్చేవాడివి. ఇప్పుడు నీకు బాగా వచ్చిన ఆట, రేపు నిన్ను ఎవరూ ఆడమని అడగని ఆట. త్రీ రాకపోవడం కంటే ఇది పెద్ద సంగతి, దీని గురించి నీకు ఇంతవరకూ ఎవరూ చెప్పినట్టు లేదు.

అందుకే పొడుగువాళ్ల పేర్లు చెప్పి నిన్ను ఊరించను. షకీల్ ఓనీల్ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన 19 సీజన్లలో వేసిన త్రీ ఒకే ఒక్కటి, టైటిళ్లు మాత్రం నాలుగు. రూడీ గోబెర్ త్రీల జోలికే పోడు, అయినా ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి అవార్డు నాలుగుసార్లు తీసుకున్నాడు, చివరిది 2024లో. ఇద్దరూ ఏడడుగుల పైన. వాళ్లు రింగు కింద నిలబడితేనే అవతలి జట్టు ఆట మారిపోతుంది. మనకు ఆ సౌకర్యం లేదు. అట్టాగని ఎత్తు ఒక్కటే ఉంటే చాలు అనుకోకు. 7 అడుగుల 2 అంగుళాలున్న మన సత్నామ్ సింగ్‌ని 2015 డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునేచోట, డల్లాస్ మావెరిక్స్ 52వ వాడిగా తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపికైన మొదటి భారతీయుడు అతనే. అయినా ఒక్క ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు.

నువ్వు చూడాల్సింది టోనీ పార్కర్‌ని. ఫ్రాన్స్ కుర్రాడు, 6 అడుగుల 2 అంగుళాలు, శాన్ ఆంటోనియో స్పర్స్‌కి గార్డు. మెరుపులా లోపలికి దూసుకుపోయేవాడు, దూరం నుంచి మాత్రం అంతంతమాత్రం. 2005లో ఆ జట్టుకి షూటింగ్ కోచ్‌గా వచ్చిన చిప్ ఎంగెలాండ్ అతనితో త్రీలు పక్కన పెట్టించి, ముందు దగ్గరివీ మధ్యదూరానివీ సరిచేయించాడు. 2005-06లో పార్కర్ వేసినవాటిలో నూటికి 54.8 పడ్డాయి. గార్డుకి అది చాలా పెద్ద లెక్క. ఆ సీజన్లోనే మొదటిసారి లీగ్‌లోని మేటి ఆటగాళ్ల ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ఎంపికయ్యాడు, 2007 ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. కోచ్ చేసింది గమనించావా? నీకు చెప్పినదానికి సరిగ్గా ఎదురు పని.

పార్కర్‌కి బువ్వ పెట్టిన షాటు ఒకటుంది, టియర్‌డ్రాప్ అంటారు, ఫ్లోటర్ అని కూడా అంటారు. వీడియోలు తీసి నెమ్మదిగా చూడు. లోపలికి వస్తున్నాడు. రింగు కాసే పొడుగువాడు చేతులు పైకెత్తి రెండడుగులు ముందుకొస్తాడు. లేఅప్ వేద్దామని రింగు దాకా పోతే బ్లాక్ ఖాయం. పార్కర్ అక్కడిదాకా పోడు. వాడింకా కాళ్లు కూడదీసుకుంటుండగానే, రింగుకు రెండున్నర మూడు మీటర్ల దూరంలో ఒంటికాలి మీద లేచి, మణికట్టు విసరకుండా బాల్‌ని అరచేతిలో నుంచి పైకి వదిలేస్తాడు. బాల్ ఆ చేతుల మీదుగా పోయి పైనుంచి దిగుతుంది. బలం అక్కర్లేదు, ఎత్తు అక్కర్లేదు, అవతలివాడు లేవకముందే వదలడం కావాలి. ఆరడుగుల గార్డు పొడుగువాళ్ల మధ్యలో బతకడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు.

షాన్ లివింగ్‌స్టన్ కథ కూడా తెలుసుకో. 2007లో మోకాలు ఘోరంగా దెబ్బతిని ఆట అయిపోయిందనుకున్న మనిషి. తర్వాత గోల్డెన్ స్టేట్ వారియర్స్‌లో చేరాడు. స్టీఫెన్ కర్రీ 2015-16లో 402 త్రీలు వేసింది ఆ జట్టులోనే. అదే సీజన్లో లివింగ్‌స్టన్ వేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆ జట్టుతో 2015, 2017, 2018 టైటిళ్లు మూడూ గెలిచాడు. ఎట్టా? తనకంటే పొట్టి గార్డు కాస్తున్నాడని చూసి, వాడికి వీపు ఆనించి, మూడు నాలుగు మీటర్ల నుంచి తిరిగి జంప్ షాట్ వేసేవాడు. అది అలవోకగా పడేది. అతను ఆరడుగుల ఏడంగుళాలు, నీకంటే పొడుగే, నిజమే. కాకపోతే తనకు వచ్చిన ఒక్క పనినీ ఎక్కడ, ఎవడి మీద వాడాలో తెలిసిన మనిషి.

ఇక మీ పీడీ సార్ మాట. ఆయన ఊరికే అనలేదు. ఎన్‌బీఏ త్రీ పాయింట్ లైను పెట్టిన 1979-80లో ఒక్కో జట్టు మ్యాచ్‌కి మూడు త్రీలు కూడా ప్రయత్నించేది కాదు. ఇప్పుడది 35 దాటింది. లెక్క చిన్నదే. నూరు త్రీలలో 35 పడేవాడికి 105 పాయింట్లు. రింగు దగ్గర నూటికి 55 వేసేవాడికి 110. మధ్య దూరం నుంచి నూటికి 40 వేసేవాడికి 80. అందుకే అందరూ మధ్యలోది వదిలేసి, రింగు దగ్గరికన్నా పోతున్నారు, లైను బయటికన్నా పోతున్నారు. నువ్వు మధ్యలో వేయాలన్నా లివింగ్‌స్టన్‌లాగా నూటికి 50 పడాలి, అప్పుడే దానికి విలువ.

త్రీ లేనివాడి వల్ల వచ్చే ఇంకో నష్టం స్కోరు షీటులో కనబడదు. నువ్వు బయట వేయలేవని తెలిస్తే నిన్ను కాసేవాడు నిన్ను వదిలేసి లోపలికి జరుగుతాడు. అప్పుడు మీ జట్టులో దూసుకుపోయేవాడికి ఒక్కడికి బదులు ఇద్దరు అడ్డం. నీ మూలంగా పక్కవాడి ఆట చెడుతుంది. కోచ్‌లు బయట కూర్చోబెట్టేది అందుకే. కాబట్టి నీ ప్రశ్నను నేనైతే ఇట్టా అడుగుతా: నన్ను వదిలేసి పోయినవాడికి నేను ఏదో ఒక రకంగా నష్టం చేయగలనా? వాడు లోపలికి చూస్తున్న క్షణంలో వాడి వీపు వెనక నుంచి రింగు మీదికి కట్ చేయొచ్చు. షూటర్ దగ్గరికి పోయి వాణ్ణి కాసేవాడికి స్క్రీన్ పెట్టొచ్చు, అంటే దారికి అడ్డంగా నిలబడొచ్చు. నిన్ను వదిలేసినవాడు దూరంగా ఉంటాడు కాబట్టి ఆ స్క్రీన్ మీద సాయానికి రాలేడు, మీ షూటర్‌కి ఖాళీ దొరుకుతుంది. తప్పిన బాల్ అందుకోవడానికి, అదే రీబౌండుకి, పోవచ్చు. ఇవేవీ చేయకుండా బయట చేతులు వేలాడేసుకుని నిలబడేవాడికి మాత్రం ఈ ఆటలో చోటు లేదు.

ఎన్‌బీఏ చూసి మోసపోయే చోటు ఇంకొకటుంది. అక్కడ డిఫెన్స్ ఆడేవాడు ఎవరినీ కాయకుండా రింగు ముందరి పెయింటులో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. 2001-02 నుంచి ఆ రూలుంది. మనం ఆడేది అంతర్జాతీయ సమాఖ్య ఫిబా రూల్స్‌తో. ఇక్కడ డిఫెన్స్‌కి ఆ అడ్డంకి లేదు, ఎంతసేపైనా నిలబడొచ్చు. ఇంటర్ కాలేజీ మ్యాచుల్లో ఎక్కువ జట్లు ముందు ఇద్దరు, వెనక ముగ్గురుగా నిలబడే 2-3 జోన్ వేసుకుని లోపల గుంపుగా కూర్చుంటాయి, నువ్వూ చూసే ఉంటావు. అంటే షూటింగ్ రానివాడికి అమెరికాలో కంటే మన దగ్గరే ఇరుకు ఎక్కువ. అయితే ఆ జోన్‌ని విరగ్గొట్టడానికి త్రీ ఒక్కటే దారి కాదు. ఫ్రీత్రో లైను, అంటే ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డం లేకుండా షాటు వేసే గీత, దాని దగ్గర, జోన్ నడిమధ్యలో ఖాళీ ఉంటుంది. అక్కడ బాల్ అందుకుని రింగు వైపు తిరిగావనుకో, వెనక ముగ్గురిలో మధ్యవాడు నీ మీదికి రావాలి. వస్తే వాడి వెనక మీ వాడు ఖాళీ. రాకపోతే నువ్వు వేయాలి. ఆ షాటు నీకు పడితే జోన్ పని అయిపోయినట్టే. పివట్‌గా ఆడినవాడికి వీపు మీద మనిషిని మోస్తూ బాల్ అందుకోవడం వచ్చు కాబట్టి ఈ చోటు నీకు బాగా నప్పుతుంది.

ఈ మాటతో నేను నీకు అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న సంగతికి వచ్చాం. ఫ్రీత్రో.

నీ ఉత్తరంలో త్రీలు ఎన్ని పడతాయో రాశావు, ఫ్రీత్రోలు ఎన్ని పడతాయో రాయలేదు. లోపలికి దూసుకుపోయేవాడికి ఫౌళ్లు వస్తాయి. షాటు వేస్తుండగా ఫౌల్ అయి ఆ షాటు పడకపోతే రెండు ఫ్రీత్రోలు. నూటికి 75 వేసేవాడు నూరుసార్లు లైను మీదికి పోతే 150 పాయింట్లు. పైన చెప్పిన లెక్కలన్నిటికంటే ఎక్కువ, త్రీలతో అంత రావాలంటే నూటికి 50 పడాలి, అట్టాంటి షూటర్లు చాలా అరుదు. అదే నూటికి 50 వేసేవాడికి 100. అట్టాంటివాణ్ణి అవతలివాళ్లు కావాలనే ఫౌల్ చేస్తారు.

2021లో నెల రోజుల తేడాతో ఇద్దరి ఆట చూస్తే ఇది అర్థమవుతుంది. ఫిలడెల్ఫియా జట్టు బెన్ సిమన్స్ 2016 డ్రాఫ్టులో మొట్టమొదటివాడిగా ఎంపికైనవాడు. ఆరడుగుల పది అంగుళాల గార్డు, పాస్, డిఫెన్స్, పరుగు అన్నీ ఉన్నాయి. త్రీలు వేయడు, ఆ సంగతి అందరికీ ముందే తెలుసు, అయినా మూడుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు. ఆ ఏడు ప్లేఆఫ్స్‌లో అతను వేసిన 73 ఫ్రీత్రోల్లో పడినవి 25. అట్లాంటా జట్టు అది పట్టుకుంది. ఏడో మ్యాచ్ చివర్లో రింగు కిందే బాల్ అతని చేతికొచ్చింది, రింగుకు అడ్డంగా ఉన్నది అతనికంటే చాలా పొట్టివాడైన ట్రే యంగ్ ఒక్కడే. ఎగిరి లోపల వేసేయాల్సినవాడు పక్కవాడికి పాస్ ఇచ్చేశాడు. త్రీ భయం కాదది. ఫౌల్ చేస్తే లైను మీదికి పోవాల్సి వస్తుందన్న భయమని చూసినవాళ్లందరికీ అనిపించింది, నాకూ అనిపించింది. ఆ జట్టు తరఫున అతను మళ్లీ మ్యాచ్ ఆడలేదు.

అదే ఏడు జూలై 20న ఫైనల్స్ ఆరో మ్యాచ్. మిల్వాకీ ఆటగాడు యానిస్ ఆంటెటొకౌంపో కూడా త్రీ షూటర్ కాదు. ఫ్రీత్రోలు కూడా ఆ సీజన్లో నూటికి 70 లోపే. లైను మీద ఎక్కువసేపు తీసుకుంటాడని, బయటి ఊళ్లలో ప్రేక్షకులు ఒకటి, రెండు, మూడు అని గొంతెత్తి లెక్కపెట్టేవాళ్లు. ఆ రాత్రి 19లో 17 వేశాడు. మొత్తం 50 పాయింట్లు. మిల్వాకీకి 1971 తర్వాత అదే మొదటి టైటిల్. ఇద్దరికీ త్రీ లేదు. తేడా ఎక్కడొచ్చిందో నువ్వే చూడు.

ఇప్పుడు నీ సొంత సమస్య. దగ్గరవి ఎందుకు తప్పుతున్నాయి? చేతిలో ఇంకా సత్తువ రాని వయసులో 6.75 మీటర్ల నుంచి వేయాలంటే మనిషి ఏదో ఒక తంటా పడతాడు. బాల్‌ని ఛాతీ దగ్గరికి దించి తోస్తాడు, మోచేయి బయటికి పోతుంది, ఎడమచేతి బొటనవేలు కూడా సాయం పడుతుంది. రోజూ అదే చేస్తే చెయ్యి దానికే అలవాటు పడి, రెండు మీటర్ల దగ్గర కూడా తోయడమే వస్తుంది. నారు పోయకుండానే నాట్లకు దిగావు తమ్ముడూ. ఫోను ఎక్కడన్నా ఆనించి పక్క నుంచి నీ షాటు వీడియో తీసుకో, మోచేయి ఎటు పోతోందో నీకే కనబడుతుంది.

కొన్ని నెలలు త్రీలు ఆపు. పూర్తిగా ఆపు. రింగుకు మీటరు దూరంలో నిలబడి ఒక్క చేత్తోనే వేయి, బోర్డుకి కొట్టకుండా. అది నేరుగా పడ్డాకే ఒక అడుగు వెనక్కి. ఫ్రీత్రో లైను బోర్డుకి 4.6 మీటర్లు, అక్కడిదాకా చెయ్యి తీరు చెడకుండా రావాలి. ఫ్రీత్రోలు తాపీగా నూరు వేసి సంబరపడకు. ఆ కొస నుంచి ఈ కొసకు పరుగు తీసి, ఆయాసం తీరకముందే రెండే రెండు వేయి. మళ్లీ పరుగు. మ్యాచ్‌లో వచ్చేవి అట్టాగే వస్తాయి. పుస్తకంలో రోజూ లెక్క రాసుకో. దీనితో పాటు ఎడమచేత్తో డ్రిబ్లింగ్, ఎడమచేత్తో లేఅప్. పివట్లుగా పెరిగిన పిల్లల్లో ఇది దాదాపు అందరికీ కొరవే. ఫ్లోటర్ సంగతి పైన చెప్పా. డిఫెన్స్‌లో కూడా నీ కాళ్లు గార్డుల వెంట పక్కలకు కదలడం నేర్చుకోవాలి. దానికి రింగు కూడా అక్కర్లేదు.

ఫ్రీత్రో నూటికి 70 దాటాక త్రీకి రా. అదీ కోర్టు మూల, అంటే కార్నర్ నుంచి మొదలుపెట్టు. ఫిబా కోర్టులో కార్నర్ 6.60 మీటర్లు, దగ్గరితనం పెద్దగా ఏమీ లేదు గానీ అక్కడ నిలబడి పాస్ అందుకుని వేయడం ఒక్కటే పని, డ్రిబుల్ చేసి వేయడం కంటే తేలిక. స్పర్స్‌లో బ్రూస్ బోవెన్ అనే ఆటగాడు డిఫెన్స్, కార్నర్ త్రీ, ఈ రెంటితోనే ఏళ్ల తరబడి నెగ్గుకొచ్చాడు. ఇంకోమాట. మన కోస్తాలో మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి లేస్తుంది. బయటి సిమెంటు కోర్టులో సాయంత్రం వేసే దూరపు షాటు గాలికి పక్కకు పోవడం మామూలే. దాన్నిబట్టి నీ చెయ్యి మంచిదో కాదో తేల్చుకోవద్దు. దూరానివి తెల్లారుజామున వేయి.

షూటింగ్ ఆలస్యంగా వచ్చినవాళ్లు బోలెడుమంది. బ్రూక్ లోపెజ్ మొదటి ఎనిమిది సీజన్లలో కలిపి మూడే త్రీలు వేసి, తొమ్మిదో సీజన్ 2016-17లో 134 వేశాడు. జేసన్ కిడ్ కుర్రతనంలో షూటింగ్ రాదని పేరుపడ్డ గార్డు, 2013లో రిటైరయ్యే నాటికి ఎన్‌బీఏ చరిత్రలో అత్యధిక త్రీలు వేసినవాళ్లలో మూడోవాడు. నీకు పదిహేడో పద్దెనిమిదో. ఈ ఏడు త్రీ రాలేదని జీవితాంతం రాదని కాదు.

జట్టుకి ముగ్గురేసి ఆడే త్రీ బై త్రీ టోర్నమెంట్లకు మాత్రం ఇప్పుడే ఆశగా పరిగెత్తకు. అక్కడ లోపల వేస్తే ఒకటి, బయట వేస్తే రెండు. దూరపు షాటుకి సరిగ్గా రెట్టింపు విలువ. నీలాంటివాడికి అయిదుగురేసి ఆడే మామూలు ఆటే అనుకూలం.

మీ నాన్న విషయంలో నేను ఆయన వైపే సగం ఉన్నా. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడి బతకడమంటే ఎక్కువమందికి రైల్వేస్, సర్వీసెస్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, ఆదాయపు పన్ను శాఖ లాంటి జట్లలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. గీతూ అన్నా జోస్ దేశానికి కెప్టెన్‌గా చేసి, 2011లో అమెరికా డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ట్రయల్స్ దాకా వెళ్లిన మనిషి, ఆమె కూడా సదరన్ రైల్వే ఉద్యోగే. స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల ట్రయల్స్‌కి పిలుపు రావాలంటే స్టేట్, యూనివర్సిటీ స్థాయిలో ఆడిన సర్టిఫికెట్లు కావాలి. డిగ్రీలో చేరితే విక్రమ సింహపురి యూనివర్సిటీ జట్టు, ఇంజనీరింగ్‌లో చేరితే జేఎన్‌టీయూ అనంతపురం జట్టు, అక్కణ్ణుంచి సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ పోటీలు. అంటే నీ ఆట దారి కూడా కాలేజీ సీటు మీదుగానే పోతుంది. ఈ మాట మీ నాన్నకు ఇట్టాగే చెప్పు, గొడవకు దిగకుండా. పరీక్షలయ్యేదాకా ప్రాక్టీసు పొద్దున ఒక గంటకు కుదించుకుంటానని నువ్వే ముందు ఒప్పుకో. ఆ గంటలో ఫ్రీత్రోలు, ఎడమచెయ్యి, అంతే.

మీ పీడీ సార్‌తో త్రీల గురించి వాదన పెట్టుకోవద్దు. ఆయన్ని ఒక్కటే అడుగు: ప్రాక్టీసు మ్యాచుల్లో ఒక క్వార్టర్ నన్ను బాల్ తెచ్చేచోట ఆడించండి సార్ అని. టోర్నమెంటు మ్యాచ్‌లో నువ్వు రింగు కిందే కావాలంటారు, దానికి సరే అను. ప్రాక్టీసులో మొదట్లో బాల్ చాలాసార్లు పోగొట్టుకుంటావు. పోగొట్టుకున్నా ఆ క్వార్టర్ వదులుకోవద్దు.